చేతిచమురు భాగవతం

భాగవతం ఆడించుకునే ఊరే దివిటీలకు చమురు పోయాలి, ఆటగాళ్లకు అన్నం పెట్టాలి. అలా కాక, ఆడేవాళ్లే సొంత చమురు పోసుకుని తెల్లవార్లూ ఆడితే దాన్ని చేతిచమురు భాగవతం అన్నారు. గిట్టుబాటు కాని పనిని, ఎదురు ఖర్చు పెట్టుకుని చేసే చాకిరీని ఈ ఒక్క మాటతో తీసిపారేయడం మనకు అలవాటు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అందులో లినక్స్ ఎక్కించి, మొరాయించే వైఫైని దారికి తెచ్చి, ఏ తెలుగు కీబోర్డులోనో దొర్లిన తప్పును దిద్ది, దిద్దినదాన్ని లోకానికి ఊరికే ఇచ్చేసే మనిషిని చూసినా ఇంట్లోవాళ్లకు ఇదే మాట గుర్తొస్తుంది. దీనివల్ల ఏమొస్తుందని వాళ్లు అడగడం న్యాయమే. నా జవాబు ఇది: ఒక మనిషి కాలక్షేపంగా మొదలయ్యే ఈ అభిరుచి, పదిమందీ వాడుకునే ఉమ్మడి ఆస్తికి కాపలాగా మారుతుంది. జీతానికి పనిచేసేవాళ్లు చూడాల్సిన అవసరం లేని మూలలను చూసే కళ్లు ఈ అభిరుచి వల్లే పుడతాయి. కంప్యూటర్ తెర మీద తెలుగు ఇవాళ ఇంత సాఫీగా కనిపిస్తోందంటే అందులో అలాంటి కళ్ల వాటా చాలా ఉంది.

లినక్స్ పుట్టుకే ఒక అభిరుచి. 1991 ఆగస్టు 25న, ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్, తన 386 కంప్యూటర్ కోసం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని తోటి ఔత్సాహికులకు తెలియజేశాడు. ఇది హాబీయేనని, పెద్దదయ్యే వ్యవహారం కాదని ముందే చెప్పుకున్నాడు. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, తెర, కీబోర్డు వంటి వాటిని ప్రోగ్రాములన్నిటికీ వంతులవారీగా పంచిపెట్టేదే ఆపరేటింగ్ సిస్టమ్. దాని గుండెకాయను కెర్నెల్ అంటారు. టోర్వాల్డ్స్ రాసింది ఆ గుండెకాయ, అదే లినక్స్. దాని చుట్టూ ఉండాల్సిన పనిముట్లను, 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ఆయనతో కలిసినవాళ్లు అప్పటికే తయారు చేస్తూ వచ్చారు. వాళ్లిచ్చిన మరో పెద్ద పనిముట్టు జీపీఎల్ అనే లైసెన్సు. ఆవకాయ జాడీ ఇవ్వడం వేరు, పాళ్లు చెప్పడం వేరు. మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీ జాడీ అమ్ముతుంది, పాళ్లు దాచుకుంటుంది. ఓపెన్ సోర్స్‌లో జాడీతో పాటు పాళ్లు కూడా చేతికొస్తాయి. ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠమైన సోర్స్ కోడే ఆ పాళ్లు. జీపీఎల్ మరో అడుగు ముందుకేసి, ఆ పాళ్లను మార్చి కొత్త ఆవకాయ పెట్టి పంచేవాళ్లు, కొత్త పాళ్లను కూడా తీసుకున్నవాళ్లకు ఇవ్వాలంటుంది. 1992లో టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌ను ఈ లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ తర్వాత అది ఆయన ఒక్కడి హాబీగా మిగల్లేదు. ఇవాళ మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నెల్ మీదే. ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ఉన్నవన్నీ లినక్స్‌వే. 2021లో అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుయిటీ అనే బుల్లి హెలికాప్టర్‌లోనూ లినక్స్ ఉంది.

ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చేసరికి లినక్స్ వాడేవాళ్లు ఇంకా తక్కువే. ఆ కొద్దిమంది రోజువారీ పని ఎలా ఉంటుందో ఒక ల్యాప్‌టాప్ దగ్గర నిలబడి చూద్దాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలుకావాలి. కాబట్టి 2014లో కొన్న ల్యాప్‌టాప్, తెరా కీబోర్డూ ప్రాసెసరూ నిక్షేపంలా ఉన్నా, పాత సామాన్ల బండి ఎక్కే పరిస్థితి. అభిరుచి ఉన్నవాళ్లు దాన్ని అటక మీంచి దించుతారు. లినక్స్ మింట్ లాంటి ఒక డిస్ట్రోను, అంటే కెర్నెల్‌కు కావాల్సిన సరంజామా అంతా చేర్చి కట్టిన మూటను, డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు. కంప్యూటర్ ఆ పెన్‌డ్రైవ్ నుంచే మొదలవుతుంది. డిస్కులోని పెళ్లి ఫొటోలను, పిల్లల సర్టిఫికెట్లను ముట్టుకోకుండానే కొత్త సిస్టమ్ మొత్తాన్ని వాడి చూడొచ్చు. స్పీకర్ పలుకుతోందా, తెర వెలుగు తగ్గుతోందా, వైఫై దొరుకుతోందా అన్నవి ముందే తేలిపోతాయి. ఏదైనా ఒకటి మొండికేస్తే అది తరచుగా వైఫైయే అవుతుంది. కొన్ని చిప్పుల తయారీదారులు చిప్పును నడిపించే తమ డ్రైవర్ ప్రోగ్రాముల పాళ్లు బయటపెట్టకపోవడం దానికి కారణం. అప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోన్‌లోని నెట్‌తోనే కావాల్సిన డ్రైవర్ దింపుకుంటారు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ బిగిస్తే, ఆ ల్యాప్‌టాప్ పాఠాలు చూడటానికి, ఉత్తరాలు రాసుకోవడానికి, పాటలు వినడానికి ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది.

డబ్బు మిగలడం ఇందులో చిన్న లాభం. పెద్ద లాభం, యంత్రం మూత తెరుచుకోవడం. కంప్యూటర్ ఆన్ కావడానికి రెండు నిమిషాలు పడుతోందనుకుందాం. మామూలుగా మనం చేసేది విసుక్కోవడం, లేదంటే రిపేరు షాపుకు మోసుకెళ్లడం. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ‘సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్’ అన్న ఆదేశం టైపు చేస్తే, మొదలయ్యేటప్పుడు ఏ సేవ ఎన్ని సెకన్లు తీసుకుందో పెద్దది పైన, చిన్నది కింద వచ్చేలా వరుసగా చూపిస్తుంది. నెట్‌వర్క్ దొరికేదాకా ఎదురుచూసే ఒక సేవ పై వరుసలో కూర్చుందేమో కనిపిస్తుంది. అది మనకు అవసరమా కాదా అని ఆలోచించి ఆపేయొచ్చు. ఆపాక మళ్లీ కొలిచి చూసుకోవచ్చు. సెట్టింగుల్లో చాలావరకు మామూలు పాఠం ఉన్న ఫైళ్లలోనే ఉంటాయి, ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదువుకోవచ్చు. ఏదైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో లాగ్ అనే చిట్టాలో తరచుగా రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని ఓపికగా చదవడమే సగం రిపేరు. కొత్త ప్రోగ్రాము కావాలంటే ఏదో ఒక సైటు నుంచి తెచ్చుకునే పని లేదు. డెబియన్ అనే డిస్ట్రో భాండారంలో 60 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. వాటి మీద డిజిటల్ సంతకాల తనిఖీ ఉంటుంది, ఒకే ఆదేశంతో అన్నీ కలిసి అప్‌డేట్ అవుతాయి. నెలల తరబడి ఇలా వాడినవాళ్లకు ఒక అలవాటు పడుతుంది. ఏదైనా తేడాగా ఉంటే, ‘ఇది ఇంతే’ అని వదిలేయకుండా ‘ఎందుకిలా?’ అని లోపలికి చూసే అలవాటు. ఇది మనిషి సొంత లాభమే. అయితే మూత తెరుచుకుని ఉన్నప్పుడు సొంత లాభం అక్కడే ఆగదు. ఒకరు కనిపెట్టిన తప్పు, ఒకరు రాసిన దిద్దుబాటు తిరిగి భాండారంలోకి చేరి అందరిదీ అవుతుంది.

అందుకు మనకు అతి దగ్గరి సాక్ష్యం మన లిపే. ‘స్త్రీ’ అన్న అక్షరాన్ని చూడండి. చదివేవారికి అది ఒకే అక్షరం. కంప్యూటర్ మెమరీలో మాత్రం అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. చివర టైపు చేసిన ఈకారం మొదట ఉన్న సకారం తల మీదికి ఎక్కాలి. తకారం, రకారం వత్తులుగా మారి కింద, పక్కన సర్దుకోవాలి. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో ప్రతి సంయుక్తాక్షరమూ ఒక చిన్న కట్టడం. ఈ కట్టుబడి పని చేసే ప్రోగ్రాముల్లో బాగా వ్యాప్తిలో ఉన్నది హార్ఫ్‌బజ్. ఆ పేరు పర్షియన్ భాషది. అది పూర్తిగా ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ తెలుగు అక్షరాలను కట్టడానికి దాన్నే వాడతాయి. అక్షరాల ఆకారాల విషయమూ అంతే. అక్షరాలకు అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి తెలుగు వచ్చిన తొలి రోజుల్లో, కొనేవాళ్లు ఎందరో తేలని కాలంలో, తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి అందరికీ వదిలారు. డెబియన్ భాండారంలో వాటికి చోటు దక్కింది. రెడ్‌హ్యాట్ కంపెనీ లోహిత్ ఫాంటును ఇచ్చింది. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం లాంటి ఫాంట్లను ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థులను కూడగట్టి మెనూలు, సందేశాలు తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసింది. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ కూడా ఓపెన్ సోర్సే. వీటిలో జీతాలు తీసుకుని చేసిన పని ఉంది, తమ భాష తెర మీద సరిగా కనపడాలన్న పట్టుదలతో చేసిన పనీ ఉంది. మార్కెట్ లెక్కల్లో తెలుగు చిన్న గీత అయినప్పుడు, ఆ రెండో రకం పనే ముందు జరిగింది.

మూత మూసి ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా తెలుగు అక్షరమే ఒకసారి లోకానికి చూపింది. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ను కట్టే క్రమంలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు వచ్చిపడితే, ఆ అక్షరాన్ని చూపించబోయిన ఐఫోన్ యాప్ కుప్పకూలేది. మెసేజ్‌లో ఆ ఒక్క అక్షరం పంపితే చాలు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఆపిల్ సంస్థ కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. కంపెనీ వేగంగా కదిలిన మాట నిజమే. ఇక్కడ ఆలోచించాల్సింది వేరే ఉంది. ఫోన్లు కూలిపోయాయి కాబట్టి అది వార్త అయింది. అదే ఒక వత్తు రెండు పిక్సెళ్లు పక్కకు జరిగితే, ‘ఱ’ సరిగా కనిపించకపోతే, తెలుగు అకారాది క్రమంలో ఏ అక్షరమో తప్పు చోట పడితే ఎవరు వార్త రాస్తారు? మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో అలాంటి తప్పు కంపెనీ తీరిక కోసం ఎదురుచూస్తుంది. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు వేలమంది ఉన్నా వాళ్ల చేతులు లోపలికి వెళ్లవు. తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో, తప్పు పట్టిన మనిషే దాని మూలం దాకా వెళ్లి, దిద్దుబాటు రాసి పంపవచ్చు. పంపినంత మాత్రాన చేర్చుకోరు; నిర్వాహకులు పరిశీలిస్తారు, అభ్యంతరాలు చెబుతారు, తిప్పి రాయమంటారు. ఎంత ఆలస్యమైనా ఆ దారి ఉంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం కాలం గురించి. కంప్యూటర్ అనేది పనిముట్టు. కారు నడపడానికి ఇంజిన్ విప్పడం నేర్చుకోవాలా అని అడుగుతారు. నేర్చుకోనక్కర్లేదు. బ్రౌజర్, ఉత్తరాలు, సినిమాలు, బ్యాంకు పనుల వరకే వాడేవాళ్లకు ఇవాళ్టి లినక్స్ మింట్‌లో గానీ ఉబుంటులో గానీ టెర్మినల్ తెరవాల్సిన అవసరం రోజుల తరబడి రాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్లుగా ఉబుంటు ఆధారంగా చేసిన సిస్టమ్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థ దాన్ని సిద్ధం చేసి ఇస్తోంది. బడిపిల్లలు వాడగలిగినదాన్ని పెద్దలు వాడలేరనడం సమంజసం కాదు. అయినా కారు పోలిక దగ్గరే ఇంకో మాట ఉంది. ఇంజిన్ విప్పడం మనకు రాకపోయినా, బానెట్ తెరుచుకుంటుంది కాబట్టే మన వీధి చివరి మెకానిక్ బతుకుతున్నాడు, కంపెనీ షోరూమ్ చెప్పిన ధరకు తలూపాల్సిన పని మనకు లేకుండా పోయింది. బానెట్‌కు సీలు వేస్తే నష్టపోయేది మెకానిక్ ఒక్కడే కాదు, ఎప్పుడూ బానెట్ ఎత్తని మనం కూడా.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. కావాల్సిన ప్రోగ్రాములు లినక్స్‌లో లేవంటారు. లెక్కల కోసం ట్యాలీ, ఫొటోల కోసం ఫొటోషాప్ మీద బతుకుతెరువు నడిచేవాళ్లు ఉన్నారు. మన డీటీపీ సెంటర్ల సంగతి ఇంకా కష్టం. ఎన్నో ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో వేల పేజీలు కూర్చారు. అలాంటివాళ్లను రాత్రికి రాత్రి మారమనడం బాధ్యత లేని సలహా అవుతుంది. విండోస్‌నూ లినక్స్‌నూ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టుకోవడమో, పని కంప్యూటర్‌ను అలాగే ఉంచి పాతదాని మీద లినక్స్ నేర్చుకోవడమో వాళ్లకు మేలు. అయితే ఈ డీటీపీ ఉదాహరణే నా వాదనకు బలం. పాత పద్ధతి ఫాంట్లలో కూర్చిన పాఠం, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థం కాని గుర్తుల వరుసగా మిగులుతుంది. అందులో మాట వెతకలేం, మార్పిడి ప్రోగ్రాము లేకుండా ఇంకోచోట వాడలేం. ఒక తరం తెలుగు రచన అలా తాళం పడి ఉంది. యూనికోడ్‌లో, అందరికీ తెలిసిన ఫైలు పద్ధతుల్లో ఉన్న పాఠానికి ఆ గతి పట్టదు. పేజీలు కట్టే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము స్క్రైబస్‌లో 2024లో వచ్చిన 1.6 కూర్పు భారతీయ లిపులను కూర్చగలిగే స్థాయికి చేరింది. ఇవి హాబీ నాణ్యత పనులు అనేవాళ్లు బ్లెండర్‌ను చూడాలి. 2002లో అభిమానులు చందాలేసుకుని లక్ష యూరోలు పోగుచేసి ఆ త్రీడీ ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ను విడిపించారు. అదే బ్లెండర్‌తో తీసిన లాత్వియా చిత్రం ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది.

మూడో అభ్యంతరం: ఇప్పుడు లినక్స్‌ను రాసేది పెద్ద కంపెనీల ఉద్యోగులేనని, ఔత్సాహికుల పాత్ర పాత కథ అని. కెర్నెల్‌కు చేరే మార్పుల్లో ఎక్కువ భాగం ఇంటెల్, రెడ్‌హ్యాట్, గూగుల్ లాంటి సంస్థల ఉద్యోగులవేనన్నది నిజం. మూడు కోట్ల లైన్లు దాటిన కెర్నెల్‌ను తీరిక వేళల శ్రమ ఒక్కటే మోయలేదు. కానీ కంపెనీ తనకు కావాల్సినదాన్ని రాయిస్తుంది: సర్వర్లు, ఫోన్లు, కొత్త చిప్పులు. మార్కెట్ నుంచి వెళ్లిపోయిన స్కానర్, ఒక ప్రాంతంలోనే వాడే కీబోర్డు అమరిక, నలుగురికే అవసరమైన అనువాదం ఏ కంపెనీ పద్దులోనూ ఉండవు. అవి ఎవరికో మనసు పట్టినప్పుడే బాగుపడతాయి. పైగా ఆ కంపెనీలు ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లలో చాలామంది, జీతం లేని రోజుల్లో ఇదే పని చేస్తూ నేర్చుకున్నవాళ్లు. టోర్వాల్డ్స్ మొదలుపెట్టిందీ అలాగే.

చివరి అభ్యంతరం భద్రతది. పాళ్లు అందరికీ కనిపిస్తే దొంగకూ కనిపిస్తాయి కదా? దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2024లో జరిగినదే అందుకు సాక్ష్యం. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జడ్’ అనే చిన్న ప్రోగ్రాము లినక్స్ సిస్టమ్‌లలో దాదాపు అన్నిటా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి మోసింది ముఖ్యంగా ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా. ఆయన అలసిపోయిన సమయంలో, మారుపేరుతో ఒకరు సాయానికొచ్చి, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగదారి పెట్టేశారు. అది వ్యాపించి ఉంటే ఎన్నో సర్వర్లలోకి గుట్టుగా దూరే వీలుండేది. దాన్ని పట్టుకున్నది ఏ నిఘా సంస్థా కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు, వేరే పని కోసం వేగం కొలుస్తూ, దూరం నుంచి కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. భద్రతా తనిఖీ ఆయన ఉద్యోగం కాదు. అర సెకనును వదిలేసినా అడిగేవాళ్లు లేరు. ఆయన వదల్లేదు. తవ్వుకుంటూ వెళ్లి, మార్చి 29న విషయం బయటపెట్టాడు. కంప్యూటర్ ఆన్ కావడానికి ఏ సేవ ఎన్ని సెకన్లు తీసుకుందో లెక్క చూసుకునే ఔత్సాహికుల అలవాటూ, ఈ ఇంజినీరు పట్టుదలా ఒకే జాతివి. మూత తెరిచి ఉంది కాబట్టే దొంగ లోపలికి రాగలిగాడన్నది ఒప్పుకోవాలి. మూత తెరిచి ఉంది కాబట్టే, ఆ ప్రోగ్రాముతో సంబంధం లేని మనిషి కూడా దొంగను పట్టుకోగలిగాడన్నదీ ఒప్పుకోవాలి. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నంత మాత్రాన అందరూ చదువుతారని కాదు. చదవాలని బుద్ధి పుట్టిన ఒక్కరిని ఎవరూ ఆపలేరు, అంతే. భద్రత ఆ ఒక్కరి మీద ఆధారపడుతుంది.

ఎక్స్‌జడ్ ఉదంతంలో అసలు పాఠం ఆ అలసిపోయిన నిర్వాహకుడి దగ్గరే ఉంది. ఇంతమంది ఆధారపడిన పనిని ఒక్క మనిషి తన చమురుతో వెలిగిస్తూ వచ్చాడు. చమురు అయిపోతున్న వేళ సాయానికంటూ దొంగ వచ్చాడు. ఇన్నాళ్లూ చేతిచమురు భాగవతం అన్న మాటను ఆడేవాళ్ల అమాయకత్వాన్ని ఎత్తిచూపడానికి వాడుతున్నాం. ఆ మాట పుట్టిన సందర్భాన్ని తలుచుకుంటే తప్పు ఆడేవాళ్లది కాదు, చమురు పోయని ఊరిది. కోడ్ రాయడం రానివాళ్లు కూడా పోయగలిగిన చమురు ఉంది. తెలుగు మెనూలో తప్పు కనిపిస్తే స్క్రీన్‌షాట్‌తో సహా ఆ ప్రాజెక్టుకు రాసి పంపడం, రోజుకు పది వాక్యాలు అనువదించడం, వాడుకుంటున్న ప్రోగ్రాముకు ఏడాదికోసారి వంద రూపాయలు చందా వేయడం అలాంటివే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుల పేరుతో ఏటా పోగయ్యే నకలు రిపోర్టుల బదులు, నిజంగా వాడుకలో ఉన్న ఒక్క తెలుగు తప్పును దిద్దించినా విద్యార్థికీ భాషకూ మేలు. అటక మీది పాత ల్యాప్‌టాప్‌ను దించడం అందుకు మొదటి మెట్టుగా సరిపోతుంది. రాత్రి రెండు గంటలు దాని ముందు కూర్చున్న మనిషిని, దీనివల్ల ఏమొస్తుందని అడిగే ముందు, ఆ తెర మీద ‘స్త్రీ’ అన్న అక్షరం సరిగా నిలబడిందో లేదో చూడండి. నిలబడి ఉంటే, దాని వెనుక ఎవరో చమురు పోశారు.